డబ్బా నిండితే బ్రేకు బాగున్నట్టేనా?

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలన్నా, గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి నంద్యాల చేరాలన్నా నల్లమల ఘాట్ తప్పదు. శివరాత్రికో, కార్తీకానికో ఈ దారులు ఎక్కేముందు బ్రేకుల తనిఖీ పేరుతో సాధారణంగా జరిగేది ఇంతే: బానెట్ ఎత్తడం, బ్రేక్ ఆయిల్ డబ్బా చూడటం, మట్టం తగ్గితే నాలుగు చుక్కలు పోసి మూత బిగించడం. ఈ ప్రాంతపు కార్లకు ఈ పోయడమే అసలు ప్రమాదమని నా వాదన. మట్టం ఊరికే తగ్గదు. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్‌లో పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అది కాకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. రెండూ ఘాట్ ఎక్కేముందు తెలియాల్సిన సంగతులే. పైనుంచి పోసేస్తే ఆ రెండు ఆనవాళ్లూ చెరిగిపోతాయి. పైగా రేపు కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు డబ్బా పొంగి, కింద పడిన చోటల్లా పెయింటు లేచిపోతుంది.

అంతకన్నా పెద్ద సంగతి, డబ్బాలో పోసిన కొత్త ఆయిల్ చక్రం దాకా చేరదు. బ్రేక్ పైపుల్లో ద్రవం నీళ్ల పంపులోలా తిరగదు. పెడల్ తొక్కితే కాస్త ముందుకు, వదిలితే కాస్త వెనక్కి, అంతే. అందరికన్నా ఎక్కువ వేడెక్కే కాలిపర్ దగ్గర ఏళ్లనాటి సరుకే కూర్చుని ఉంటుంది. ఆ వేడి ఎంతో లెక్క కడితే, 1,200 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు దిగినప్పుడు సుమారు 35 లక్షల జౌళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న అదే కారును నిలువునా ఆపితే పుట్టే వేడికి ఇది దాదాపు 12 రెట్లు. ఇంజిన్, ఎదురుగాలి కొంత పంచుకుంటాయి, మిగతాదంతా డిస్కులు, డ్రమ్ముల నెత్తినే. అమెరికా ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు; దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. హద్దు దాటితే ఆవిరి పుడుతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది, పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది. కాసేపు పక్కన ఆపి చల్లారనిస్తే ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ గట్టిపడుతుంది, మెకానిక్ చూసేసరికి జబ్బు జాడ ఉండదు.

వానలకు మొహం వాచిన ఈ నేల గాలిలో తేమెక్కడిది, రెండేళ్లకోసారి మార్చాలనే మాట ఒంగోలు తీరానికి సరిపోతుందిగానీ మనకెందుకు అని అడగవచ్చు. అందులో సగం నిజముంది. తేమ తక్కువగా ఉన్న చోట ఆయిల్ నెమ్మదిగానే పాడవుతుంది. కానీ రబ్బరు గొట్టాల గుండా, మూత సందు గుండా లోపలికి చేరిన నీరు వేసవి వచ్చిందని తిరిగి బయటికి పోదు, పోగవుతూనే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసేదీ, కార్తీక యాత్రలు సాగేదీ ఇంచుమించు ఒకే కాలం. కాబట్టి క్యాలెండర్ ఒక్కటే పట్టుకోకుండా, మరిగే ఉష్ణోగ్రతను చూపే పరికరం దొరికితే దాంతో చూపించుకోవడం మేలు. దొరకనప్పుడు కారు పుస్తకంలో రాసిన గడువే ఆధారం. తక్కువ గేరులో దిగితే చాలదా అన్నది ఇంకో ప్రశ్న. గేరే మొదటి బ్రేకు, ఒప్పుకుంటాను. అయినా వంపు తిరగ్గానే అడ్డంగా నిలిచిన బస్సు ముందు కారును ఆపాల్సింది పెడలే.

ఇక కలిపే సంగతి. డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ జాతివి, కలిస్తే ఏమీ కాదు, మేలిరకం గుణం మాత్రం కాస్త పలచబడుతుంది. డాట్ 5 సిలికాన్, దాన్ని వీటితో కలపకూడదు. ఈ డాట్ అంకెల గొడవకే మనవాళ్లు ఎక్కువ భయపడతారుగానీ, నిజంగా భయపడాల్సింది షెడ్డులో చేతికందే పవర్ స్టీరింగ్ ఆయిల్‌కీ, ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటుకీ. బ్రేకు సీళ్లు సాధారణంగా ఈపీడీఎం రబ్బరువి. పెట్రోలియం నూనె తగిలితే అవి ఉబ్బుతాయి. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వచ్చే సన్నని రంధ్రం మూసుకుపోతుంది, కాలు తీసినా బ్రేకు వదలదు. అనుమానముంటే డబ్బాలోంచి సిరంజీతో కాస్త తీసి గ్లాసుడు నీళ్లలో వేసి చూడవచ్చు. గ్లైకాల్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, నూనె ఉంటే పైన తేలుతుంది. తేలితే ఆ కారును అక్కడి నుంచి నడపకూడదు. ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోదు. సీళ్లు, గొట్టాలు, నూనె తగిలిన ప్రతి రబ్బరు ముక్కా మార్చాలి, ఏబీఎస్ యూనిట్ కూడా అనుమానితుల జాబితాలో చేరుతుంది.

ఖర్చు మాట వస్తే, మామూలు కారుకు మొత్తం మార్చడానికి లీటరు సీసా దాదాపు సరిపోతుంది. సీలు విప్పని సీసాయే కావాలి. ఎప్పుడో తెరిచి పెట్టిన సగం సీసా అప్పటికే తేమ తాగి ఉంటుంది. పాత ఆయిల్ డబ్బాలోంచి తోడేసి, కొత్తది నింపి, పుస్తకం చెప్పిన వరుసలో ఒక్కో చక్రం దగ్గర బ్లీడింగ్, అంటే నిపుల్ వదులు చేసి పాత ఆయిల్‌ను బయటికి పంపే పని, చేయించాలి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే గాలి చొరబడి పని మళ్లీ మొదటికొస్తుంది. నిపుల్‌కు తొడిగిన పారదర్శక గొట్టంలో నల్లబడ్డ ఆయిల్ పోయి, బుడగల్లేని లేత పసుపు ధార వచ్చేదాకా ఆ చక్రం వదలొద్దని మెకానిక్‌తో చెప్పండి.