ల్యాప్‌టాప్‌లో డప్పు మోగాలంటే

వర్చువల్ డ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది రికార్డు చేసి దాచిన దెబ్బల మూట. కీబోర్డు మీట నొక్కినా, తెరమీది గడిలో మౌసుతో గుర్తు పెట్టినా ఆ మూటలోంచి ఒక దెబ్బ బయటికొస్తుంది. అసలు డ్రమ్ముల శబ్దాన్ని చిప్పుల్లో దాచిన లిన్ ఎల్‌ఎం-1 యంత్రం 1980లోనే వచ్చింది. వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి 1983లో, సాఫ్ట్‌వేర్ వాయిద్యాలకు దారి తీసిన స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ రెండో రూపం 1999లో వచ్చాయి. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంట్లో ఒక గది, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు, జానపద పాట తయారై యూట్యూబ్‌లోకి ఎక్కుతోంది.

చిక్కల్లా బజారులో దొరికే సరుకుతోనే. పేరున్న ఈజీడ్రమ్మర్, సుపీరియర్ డ్రమ్మర్, అడిక్టివ్ డ్రమ్స్ మూడూ స్వీడన్ కంపెనీలవి. వాటిలో కిక్, స్నేర్, టామ్, హై-హ్యాట్ కలిసిన పాశ్చాత్య డ్రమ్ సెట్టుదే పెత్తనం. ఇక్కడి పాటను నడిపేది డప్పు. ఒగ్గుకథకైతే డోలు. హన్మాజిపేట మిద్దె రాములు లాంటి ఒగ్గు కళాకారుల కథ ఆ డోలు దరువు మీదే నడిచింది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి నాటి దండారి పండుగకు గుస్సాడీ నర్తకులు ఆడేది డోలు, తుడుం, పెప్రెల మోతకు. భారతీయ వాయిద్యాల కోసమే తయారైన స్వర్‌ప్లగ్‌లో తబలా, ఢోలక్, మృదంగం దొరుకుతాయి. డప్పు కావాల్సిన చోట ఢోలక్ పెట్టి సరిపెట్టుకుంటే పాట పెళ్లి బ్యాండులా వినిపిస్తుంది తప్ప ఊరేగింపులా వినిపించదు.

అందుకని ఏ సాఫ్ట్‌వేర్ కొనబోయినా ముందు అడగాల్సింది, సొంత రికార్డింగులను అందులోకి ఎక్కించుకోవచ్చా అని. ప్యాకెట్‌తో వచ్చే డ్రమ్ సెట్టు ఎంత బాగుందన్నది ఆ తర్వాతి మాట. పాటలు రికార్డు చేసే రీపర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే రీశాంపులోమాటిక్, ఉచితంగా దొరికే సితాలా, హైడ్రోజన్, ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైళ్లను వాయించే స్ఫోర్జాండో ఈ పనికి వస్తాయి.

ఎక్కించడం తేలికే, రికార్డింగులోనే ఓపిక కావాలి. డప్పు మీద కుడిచేతి సిర్ర కొట్టే లావు దెబ్బ వేరు, ఎడమచేతి సిటికెన పుల్ల కొట్టే సన్నని దెబ్బ వేరు. ఈ రెండూ రెండు వేరు వాయిద్యాలన్నట్టే రికార్డు చేయాలి. డప్పును మంటకు కాచిన వెంటనే తోలు బిగిసి కంగుమంటుంది. చల్లారే కొద్దీ తోలు సడలి గొంతు దిగుతుంది. కాచిన తొలి నిమిషాల్లో సిర్ర దెబ్బలు, అరగంట తర్వాత పుల్ల దెబ్బలు తీస్తే రెండూ ఒకే డప్పువి అంటే ఎవరూ నమ్మరు. మధ్యమధ్య మళ్లీ కాచుకుంటూ, ప్రతి దెబ్బనూ మెల్లగా, మోస్తరుగా, గట్టిగా, ఒక్కో స్థాయిలో కనీసం నాలుగైదు సార్లు తీయాలి.

అన్నిసార్లు ఎందుకంటే, మిడిలో దెబ్బ బలం 1 నుంచి 127 దాకా ఉంటుంది. గట్టిగా కొట్టిన ఒక్క రికార్డింగు పెట్టి దాని సౌండు తగ్గిస్తే మెల్లని దెబ్బ అయిపోదు, గట్టి దెబ్బ దూరంనుంచి విన్నట్టుంటుంది. బలం మారితే తోలు పలికే తీరే మారిపోతుంది. పైగా ఒకే రికార్డింగు వరసగా మోగితే దరువు టైపు మిషన్ చప్పుడులా తేలిపోతుంది. అందుకే మంచి సాఫ్ట్‌వేర్ ఒకే బలానికి ఉన్న రికార్డింగులను వంతులవారీగా మార్చి మార్చి వాయిస్తుంది. ఈ వంతుల పద్ధతి లేనిదాన్ని డప్పు కోసం కొనడం దండగ.

డప్పుల గుంపు మోత కావాలంటే మరో తిరకాసు. ఒకే ట్రాకును పదిసార్లు కాపీ చేస్తే పదిమంది రారు, ఒక్క డప్పే గట్టిగా మోగుతుంది. వేర్వేరు డప్పుల రికార్డింగులు వాడి, ఒక్కో ట్రాకును పది ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూ జరపాలి. తీన్మార్ నడక ఎక్కువగా మూడేసి లెక్కలో సాగుతుంది కనుక తెరమీది గడులను కూడా నాలుగు భాగాలు కాక మూడు భాగాలకు మార్చుకోవాలి. దెబ్బలన్నిటినీ గీత మీదికి లాగే క్వాంటైజ్ మీటను నిండుగా నొక్కితే ఆ ఊపు చచ్చిపోతుంది.

ఇక కంప్యూటర్ సంగతి. శబ్దాన్ని కొంతకొంతగా పోగుచేసి వదిలే బఫర్ 1024 శాంపిళ్లుంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క బఫర్‌కే సుమారు 23 మిల్లీసెకన్ల ఆలస్యం. చేత్తో ప్యాడ్ కొట్టి వాయించేవారికి ఇది చేతిని లాగుతున్నట్టు ఉంటుంది. 256కు తగ్గిస్తే ఆరు లోపుకు దిగుతుంది. విండోస్‌లో దానికి ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవర్ ఉంటే మేలు. ఆడియో ఇంటర్‌ఫేస్ లేనివారు ఉచిత ఆసియో4ఆల్‌తో మొదలుపెట్టవచ్చు. సుపీరియర్ డ్రమ్మర్ 3 ముడి శబ్దాలు మొత్తం 230 జీబీ పైమాటే. 256 జీబీ డిస్కున్న ల్యాప్‌టాప్‌కు అది అయ్యే పని కాదు. పాటలో డప్పు కింద బరువు కోసం కిక్, అక్కడక్కడా ఒక సింబల్ మాత్రమే కావాలనుకుంటే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2, స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ ఉచిత రూపం చాలు.

డబ్బు పెట్టే ముందు ట్రయల్ వాడి చూడటం మేలు. అయితే పాటలు తయారుచేసే ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో దాచిన ప్రాజెక్టు మళ్లీ తెరుచుకోదు, లైసెన్సు కొనేదాకా ఆగాల్సిందే. రీపర్ 60 రోజులు నిండుగా పనిచేస్తుంది.

లైసెన్సు కాగితాన్నీ ఒకసారి చదవాలి. కొన్న శబ్దాలను సొంత పాటలో వాడుకోవచ్చు, విడిగా మరొకరికి పంచకూడదు అన్నది మామూలు షరతు. విడి దెబ్బల కంటే తయారుగా దొరికే లూపులతోనే యూట్యూబ్‌లో గొడవ. అదే లూపు వందమంది పాటల్లో ఉంటుంది. అందులో ఒకరు తమ పాటను, వీడియోల్లోని శబ్దాన్ని పోల్చి పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో చేర్పిస్తే మిగతావారి వీడియోల మీద క్లెయిమ్ పడవచ్చు. నిజానికి అలా అందరికీ అమ్మే లూపులున్న పాటను కంటెంట్ ఐడీలో చేర్పించడం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం. క్లెయిమ్ పడినవారు లైసెన్సు రసీదు చూపి డిస్ప్యూట్ వేయవచ్చు, కాబట్టి ఆ రసీదు మెయిల్‌ను పాట ఫైళ్లతో పాటే దాచిపెట్టుకోవాలి.