ఇంటిపేరు మారినా మారని జన్యువు: అండాశయ క్యాన్సర్ – ఉత్తరాంధ్ర బంధుత్వాలు

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేనరికం పాత ఆచారం. ఇంట్లో ఏ వంశపారంపర్య వ్యాధి కనిపించినా దానికి మేనరికమే కారణమనడం, ఆడవారి జబ్బుకు మూలాన్ని తల్లి వైపే వెతకడం వాడుకలో ఉన్నాయి. అండాశయ క్యాన్సర్ విషయంలో ఈ రెండు అభిప్రాయాలూ ఎందుకు సరిపోవో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. జన్యుమార్పుల స్వరూపం:
కణంలోని డి.ఎన్.ఏ. నిత్యం దెబ్బతింటూనే ఉంటుంది. దాన్ని సరిచేసే జన్యువుల్లో బి.ఆర్.సి.ఏ-1, బి.ఆర్.సి.ఏ-2 ముఖ్యమైనవి. మొదటిది 17వ క్రోమోజోముపై ఉందని మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపింది. 1994లో ఆ జన్యువును, 1995లో రెండవదానిని వేరుచేసి గుర్తించారు. ఈ జన్యువులు ఒక్కొక్కటి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా రెండేసి ప్రతులుంటాయి. ఒక ప్రతి పుట్టుకతోనే లోపభూయిష్టమైతే, ఏదో ఒక కణంలో రెండవది కూడా చెడినప్పుడు మరమ్మతు ఆగిపోతుంది. మార్పులు పేరుకొని క్యాన్సర్‌కు దారితీస్తాయి. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్లలోపు అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం బి.ఆర్.సి.ఏ-1 లోపమున్న స్త్రీలలో సుమారు 44 శాతం, బి.ఆర్.సి.ఏ-2 లోపమున్నవారిలో 17 శాతం. అయితే ఈ క్యాన్సర్లలో అధికభాగం వంశపారంపర్యం కావు. కణితిలో మాత్రమే తలెత్తే మార్పులే వాటికి మూలం.

3. మేనరికం పాత్ర:
పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యులు. పి. మీరాఖాన్‌తో కలిసి 1960వ దశకంలో ఆంధ్రదేశపు రక్తసంబంధ వివాహాలపై పరిశోధన పత్రాలు ప్రచురించారు. అటువంటి వివాహాల వలన ముఖ్యంగా పెరిగేవి రెండు ప్రతులూ లోపిస్తేనే బయటపడే వ్యాధులు. బి.ఆర్.సి.ఏ. లోపం అలా కాదు. ముప్పు పెరగడానికి ఒక్క ప్రతి చాలు. కనుక మేనరికం లేని ఇంట్లోనూ అది తరం నుండి తరానికి నడుస్తుంది.

4. బంధుత్వ పదాల ప్రయోజనం:
లోపమున్న తండ్రికి అండాశయ క్యాన్సర్ రాదు. కానీ ఆయన నుండి ప్రతి బిడ్డకూ ఆ లోపం సంక్రమించే అవకాశం సగానికి సగం. అందువల్ల నాయనమ్మ, మేనత్తల ఆరోగ్య చరిత్ర అమ్మమ్మ, పిన్నమ్మల చరిత్రతో సమానమైనది. పెళ్లితో మేనత్త ఇంటిపేరు మారుతుంది, జన్యువు మారదు. మేనత్త కొడుకును చేసుకున్న స్త్రీకి అత్తగారు రక్తబంధువే. ఆమెకు వచ్చిన క్యాన్సర్‌ను 'అత్తవారింటి జబ్బు' అని కోడలు లెక్కలో నుండి తీసివేయరాదు. ఆంగ్లంలో ఒకే పదంలో కలిసిపోయే పిన్ని, మేనత్తలను తెలుగు వేరువేరుగా నిలిపింది. వంశచరిత్ర నమోదుకు ఇది సిద్ధంగా ఉన్న సాధనం.

5. ముగింపు:
అండాశయ క్యాన్సర్‌ను తొలిదశలో నమ్మకంగా పట్టుకునే సామూహిక పరీక్ష నేటికీ లేదు. కాబట్టి వంశచరిత్ర విలువ మరింత పెరుగుతుంది. వ్యాధి సోకినవారికి ముందుగా జన్యుపరీక్ష చేసి, లోపం బయటపడితే రెండు వైపుల రక్తబంధువులకూ తెలపడం అవసరం. లోపమున్నవారు సంతానం కలిగిన తరువాత, వైద్యుల సలహాతో అండాశయాలను, అండవాహికలను తొలగించుకొని ముప్పును బాగా తగ్గించుకోవచ్చు. మేనత్త ఏ జబ్బుతో పోయిందో దాచకుండా చెప్పడం మేనకోడలి ప్రాణాన్ని కాపాడగలదు.