ఈ పూట కూరేటి?

సాయంత్రం ఆరు దాటాక పలాస-కాశీబుగ్గ రోడ్ల మీద ఆడవాళ్లు గుంపులుగా నడిచి వస్తుంటారు. పొద్దుటి నుంచి జీడిపిక్కల ముందు కూర్చుని లేచినవాళ్లు. పిక్క కొట్టినవాళ్ల వేళ్లకు జీడి మరకలు, పొట్టు తీసినవాళ్ల గోళ్ల కింద నొప్పి. పలాస జీడిపప్పు గుండు విరగకుండా మన డబ్బాలోకి చేరుతోందంటే ఆ వేళ్ల పుణ్యమే. అలా వచ్చిన మనిషి గుమ్మంలో కాలు పెట్టగానే వినిపించే మొదటి మాట ఒకటుంది.

"అమ్మా, ఈ పూట కూరేటి?"

అడిగిన పిల్లల తప్పేం లేదు, ఆకలేసి అడుగుతారు. కానీ ఆ మాటకు జవాబు రోజూ ఒక్క మనిషే వెతకాలి. అదీ ఒళ్లు పూర్తిగా అలిసిపోయిన వేళ, అప్పటికప్పుడు. నన్నడిగితే పొయ్యి దగ్గర నిలబడే ముప్పావు గంట కన్నా, ఏం వండాలో తోచక నిలబడే ఆ పది నిమిషాలే ఎక్కువ బరువు.

మా అమ్మమ్మ కూడా పగలంతా పొలంలో ఉండి వచ్చిన మనిషే. అయినా ఆమె చీకటి వేళ కంగారు పడడం నేను చూడలేదు. కూర తోచకపోతే చేయి నేరుగా అటక మీదికి పోయేది. సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి గంపల్లో వచ్చిన ఎండునెత్తళ్లు, ఎండురొయ్యలు, ఉప్పుచేప అక్కడ ఉండేవి. గుప్పెడు నెత్తళ్లు వేయించి వంకాయలో వేస్తే ఇగురు అయిపోయేది. ఉప్పుచేప ముక్క నిప్పుల మీద కాలిస్తే పప్పుచారుకు తోడు. అవీ లేకపోతే చల్లమిరపకాయలు, గుమ్మడి వడియాలు, ఆవకాయ. పెరట్లో మునగ, పనస, కంద. ఎండల్లో చేసి దాచుకున్న పని వానాకాలం సాయంత్రాలను కాచేది. దానికి ఎవరూ ప్రణాళిక అని పేరు పెట్టలేదు గానీ, రేపటి అలసటను ముందే లెక్కలో వేసుకున్న తెలివి అది.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఆ ఆవకాయ జాడీల మీద మూత వేసింది కిడ్నీ జబ్బు.

ఇక్కడి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సుగరు, బీపీ లేని మనుషులకు కూడా మూత్రపిండాలు పాడవడం దశాబ్దాలుగా చూస్తున్నాం. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, మధ్య అమెరికాలో చెరకు కూలీలకు వచ్చేదీ ఇలాంటి జబ్బే. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఇళ్లకు తెచ్చే 700 కోట్ల పథకం కూడా ఆ రోజే ప్రారంభమైంది. ఎంతో ముందే రావాల్సినవి ఇవి. నీళ్ల గురించి, డయాలసిస్ గురించి పత్రికలవాళ్లం చాలా రాశాం. ఆ ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడిన మనిషి గురించి మాత్రం రాయలేదు.

డాక్టరు మొదట తగ్గించమనేది ఉప్పు. ఏ జబ్బూ లేని మనిషికే రోజుకు 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక్క టీ చెంచా. ఇక జబ్బు మనిషికి ఉప్పుచేప వద్దు, ఊరగాయ వద్దు, అప్పడం వద్దు. రక్తంలో పొటాషియం పెరిగితే అరటిపండు, కొబ్బరినీళ్లూ వద్దు. కొబ్బరి చెట్ల నీడన పుట్టి పెరిగిన పెద్దాయన చేతిలోంచి బొండం తీసుకోవాల్సి రావడం ఆ ఇంటి ఇల్లాలికి ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. అలిసిన మనిషిని ఇన్నాళ్లూ ఆదుకున్న సరుకంతా ఉప్పుతో నిలవ చేసిందే. ఇప్పుడు అదే ఇంట్లో ఉండకూడనిదైంది. దాంతో ఒకే పొయ్యి మీద రోజూ రెండు వంటలు.

పైగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి, పనస చెట్లను కూల్చేసి పెరటి ఆసరానూ దెబ్బతీసింది. మగవాళ్లు పనికోసం హైదరాబాద్, ముంబై వైపు రైలెక్కిన ఇళ్లలో సాయానికి ఇంకో చేయి కూడా లేదు.

ఇన్ని ఉన్నా ఆ రెండు వంటల్ని ఒక్కటి చేసుకున్న ఇళ్లున్నాయి. వాళ్ల పద్ధతి చాలా చిన్నది. ఉప్పు చివర్లో వేయడం. ఆనపకాయో బీరకాయో అందరికీ కలిపి ఒకే గిన్నెలో, ఉప్పు లేకుండా వండుతారు. ఉడికాక జబ్బు మనిషి వాటా వేరే గిన్నెలోకి తీస్తారు. మిగతాదానికి అప్పుడు ఉప్పు వేస్తారు. మా పెద్దమ్మ ఇంట్లో కోడలికి రోజూ వినిపించే మాట ఇదే: "ముందు మీ మావకి తీసేసి, అప్పుడు ఉప్పెయ్యే." తీసిన వాటాకు వెల్లుల్లి తాలింపు, కాస్త ఆవముద్ద, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. ఆవ, వెల్లుల్లి ఘాటు ఉంటే చప్పదనం సగం తగ్గుతుంది.

పొటాషియం తగ్గించుకోవాల్సిన వాళ్లకు కూరగాయలు చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. ఇది సాయంత్రం మొదలుపెడితే తెమలదు. పొద్దున అన్నం వార్చే వేళకే పక్క పొయ్యి మీద చేసి పెట్టుకుంటే, సాయంత్రానికి మిగిలేది తాలింపే. ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. సోడియం తక్కువ అంటూ అమ్మే ఉప్పు ప్యాకెట్లలో చాలావాటిలో పొటాషియం కలుస్తుంది. డాక్టరును అడగకుండా వాటిని ఈ ఇళ్లలోకి తేవద్దు. పప్పు, గుడ్డు ఎంత పెట్టాలో కూడా డయాలసిస్‌కు ముందు ఒక లెక్క, మొదలయ్యాక మరో లెక్క. పక్కింటి వాళ్లకు డాక్టరు చెప్పింది మనకు పనికిరాదు.

డయాలసిస్‌కు వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. రానుపోను ప్రయాణంతో రోజంతా పోతుంది. వారంలో ఆ రోజులేవో ముందే తెలుసు. ఆ సాయంత్రం కూర కూడా ముందే తెలిసి ఉండాలి. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో గ్యాస్ బండ తేదీ, పాల లెక్క ఎలాగూ రాస్తాం. ఆదివారం కాయగూరలు తెచ్చినప్పుడే ఏడు గళ్లలో ఏడు కూరల పేర్లు కూడా రాస్తే సరిపోతుంది. సోమవారం ఆనపకాయ అని రాసి ఉంటే సోమవారం సాయంత్రం ఎవరినీ అడగక్కర్లేదు. రాసిందే వండి తీరాలని లేదు. చేపలు దొరికిన రోజున ఆనపకాయ మర్నాటికి జరుగుతుంది. అదే కూర ప్రతి సోమవారం వచ్చినా తప్పు లేదు. రోజుకో కొత్త రుచి ఉండాలన్నది టీవీ వంటల కార్యక్రమాలు మన ఆడవాళ్ల నెత్తిన పెట్టిన బరువు. అమ్మమ్మల ఇళ్లలో అలాంటి పట్టింపు లేదు.

ఇక మగవాళ్ల మాట. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు. చేసే మగవాళ్లు పెట్టింది 97. అసలు రోజులో ఏ ఇంటి పనిలోనూ చేయి పెట్టని మగవాళ్లు నూటికి డెబ్బైమందికి పైనే. జీడి పని చేసి వచ్చిన మనిషికీ, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునే మనిషికీ ఈ లెక్క ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

అన్నల్లారా, తమ్ముళ్లారా, వచ్చే సోమవారం క్యాలెండర్‌లో ఆనపకాయ అని రాసి ఉంటే, ఆవిడ ఇంటికి వచ్చేలోపు దాని చెక్కు తీసి, ముక్కలు కోసి ఉడకబెట్టండి. ఉప్పు మాత్రం వేయకండి.