రికార్డు ముల్లుపై రూపాయి బిళ్ళా?

పత్తికట్టె నరికిన చేలో వట్టికాళ్ళతో నడిచారా? మోడు చటుక్కున గుచ్చుకుంటుంది. మీ బరువు పెరగలేదు. అది ఆనే చోటు చిన్నదయింది, అంతే.

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో, 1974లో కన్నుమూసిన ఘంటసాల గారి భగవద్గీత రికార్డు దాచుకున్న ఇళ్ళుంటాయి. ప్లేయరు ముల్లు గాడి తప్పి ఎగిరితే కొందరు దానిపై రూపాయి బిళ్ళ పెడతారు. ఆ పని చేయకండి! ముల్లు మొన వెంట్రుక కంటె సన్నం. అయస్కాంత పికప్‌కు సుమారు 2 గ్రాముల బరువు చాలు. 4 గ్రాముల బిళ్ళ పెడితే బరువు మూడింతలై గాడి గోడలు అరుగుతాయి. అరిగిన పాట తిరిగి రాదు.

మరేం చేయాలి? ప్లేయరుపై గోళీ ఉంచండి. దొర్లితే మట్టం సరిచేయండి. మిరపకళ్ళాల దుమ్మును మెత్తని బ్రష్షుతో తుడవండి. ముల్లు చేతికి వెనుకనుండే తూకపుబరువును త్రాసులా సరిదిద్దండి. అరిగిన ముల్లు మార్చండి. కొత్త యంత్రం కొనకుండానే పాట తేటపడుతుంది!