కొలంబో గాల్ ఫేస్: ఒక రొయ్య వడ చెప్పే శ్రీలంక కథ

సాయంత్రం ఐదు దాటాక కొలంబోలోని గాల్ ఫేస్ గ్రీన్‌లో సందడి మొదలవుతుంది. ఒకవైపు గాలిపటాలు ఎగురుతుంటాయి, మరోవైపు బండ్ల మీద నూనె కాగుతుంటుంది. విశాఖ తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తే, ఇక్కడ సముద్రంలోకే దిగుతాడు. ఆ దృశ్యం చూడటానికి స్థానికులు, పర్యటకులు గోడ పొడవునా చేరతారు. చీకటి పడ్డాక అసలు బేరం బండ్ల దగ్గరే.

ఫిరంగుల మైదానం

అర కిలోమీటరు పొడవున్న ఈ మైదానాన్ని ఒకప్పుడు డచ్చివారు తమ కోట ఫిరంగులకు అడ్డు లేకుండా ఖాళీగా ఉంచారు. తర్వాత బ్రిటిష్ గవర్నర్ హెన్రీ వార్డ్ సముద్రం వెంబడి నడకదారి వేయించారు. అది 1859లో పూర్తయింది. నేడు చుట్టూ పెద్ద హోటళ్లు, ఉత్తరాన సముద్రాన్ని పూడ్చి 269 హెక్టార్లలో నిర్మించిన పోర్ట్ సిటీ కనిపిస్తాయి. వాటి మధ్య సామాన్యుడు టికెట్ లేకుండా కూర్చోగలిగే చోటు ఇది.

ఏం దొరుకుతుంది?

ఇక్కడ అందరూ అడిగేది ఇస్సో వడ. సింహళంలో ఇస్సో అంటే రొయ్య. పప్పు వడ మీద పెంకుతోనే రొయ్యలు అద్ది వేయిస్తారు, పైన ఉల్లిపాయ ముక్కలు, కారంగా ఉండే సాస్ వేస్తారు. వేయించిన పీతలు, ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు, పెనం మీద రెండు రేకులతో టకటకమని తరిగే కొత్తు రొట్టి కూడా ఉంటాయి.

నాలుగేళ్లలో మూడు దెబ్బలు

ఈ బండ్ల వ్యాపారం పర్యటకుల మీద, దిగుమతుల మీద ఆధారపడింది. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాటి బాంబు దాడుల్లో దేశవ్యాప్తంగా 250 మందికి పైగా చనిపోయారు. దాడి జరిగిన హోటళ్లలో ఒకటి ఈ మైదానానికి ఎదురుగానే ఉంది. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చింది. 2018లో 23 లక్షలు దాటిన విదేశీ పర్యటకుల సంఖ్య 2021లో 2 లక్షలకు పడిపోయింది.

మూడో దెబ్బ నేరుగా మూకుడుకే తగిలింది. శ్రీలంక పప్పులు, వంటగ్యాస్ ఎక్కువగా బయటి నుంచే కొంటుంది. 2022 మార్చి మొదట్లో దాదాపు 200గా ఉన్న డాలర్ విలువ మే నాటికి 360 శ్రీలంక రూపాయలైంది. ప్రపంచ మార్కెట్లో పప్పు ధర మారకపోయినా కొలంబోలో పెరిగేది అందుకే. ఆ సెప్టెంబరులో ఆహార ద్రవ్యోల్బణం దాదాపు 95 శాతానికి చేరింది. గ్యాస్ కోసం జనం సిలిండర్లతో రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు. పొయ్యి వెలగకపోతే బండివాడికి ఆ పూట రాబడి లేనట్టే.

ఆ ఆగ్రహం కూడా ఈ మైదానంలోనే గుమిగూడింది. అధ్యక్ష సచివాలయం ఎదుట ఏప్రిల్ 9న మొదలైన నిరసన శిబిరానికి ‘గోటా గో గామా’ అని పేరు పెట్టారు. గామా అంటే గ్రామమే. జులై 14న గోటబయ రాజపక్స రాజీనామా చేశారు.

వెళ్లేవారికి

2024లో పర్యటకులు మళ్లీ 20 లక్షలు దాటారు. దేశాలవారీగా చూస్తే వారిలో భారతీయులదే మొదటి స్థానం. అయిదున్నరకల్లా చేరితే సూర్యాస్తమయం చూడొచ్చు. కెరటాలు బలంగా ఉంటాయి కాబట్టి నీళ్లలోకి దిగకపోవడమే మేలు. చిల్లర దగ్గర పెట్టుకోవాలి, ధర ముందే అడగాలి, వడ అప్పటికప్పుడు వేయించి ఇమ్మనాలి. బేరమాడేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు: ఆ వడ ధరలో పప్పు, నూనె, గ్యాస్‌తో పాటు ఆ చెడ్డ రోజుల అప్పు కూడా కలిసి ఉండొచ్చు.