పదింట ఎనిమిది ఓడిన హీరోలు!

గడియారంలో ఆఖరి క్షణాలు. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తోంది. బంతి అందుకున్న కుర్రాడు గీత దాటేశాడు! అంతే, జనం మైదానంలోకి ఉరికారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, కావిలించుకునేవాళ్ళు కావిలించుకుంటున్నారు. తెరమీద ఇలాంటి క్లైమాక్స్ చూస్తే మనమేమంటాం? ‘డైరెక్టరు మసాలా కాస్త ఎక్కువే దట్టించాడు’ అంటాం. కానీ ఇది ఏ రచయితా టేబుల్ దగ్గర కూచుని రాసింది కాదు. 1971 సెప్టెంబరు 25న అమెరికాలో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని హంటింగ్టన్ అనే ఊళ్ళో నిజంగా జరిగింది. 2006లో హాలీవుడ్ వాళ్ళు దీన్ని ‘వుయ్ ఆర్ మార్షల్’ అనే పేరుతో సినిమాగా తీశారు. హీరో మాథ్యూ మెకానహే, దర్శకుడు మెక్‌జీ.

సినిమా చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని బయటికొస్తారు. బాగానే వుంది. అయితే ఆ జట్టు ఆ ఏడాది ఆడింది పది ఆటలు. సినిమాలో క్లైమాక్స్‌గా చూపించింది రెండో ఆట! మరి తక్కిన ఆటల మాటేమిటి? అసలు కథ అక్కడే వుందని నాకనిపిస్తుంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డులా వుంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తడం, విసరడం ఎక్కువ, కాలితో తన్నడం తక్కువ. పక్కకు పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకి ఇచ్చెయ్యాలి. అవతలి గీత దాటితే ‘టచ్‌డౌన్’, ఆరు పాయింట్లు. అమెరికాలో కాలేజీ జట్టంటే ఆ ఊరి పరువు. శనివారం ఆట వుంటే ఊరు ఊరంతా స్టేడియంలోనే!

ఆ రాత్రి

హంటింగ్టన్‌లో మార్షల్ యూనివర్శిటీ జట్టుకి ‘థండరింగ్ హెర్డ్’ అని పేరు. ఉరుముతూ వచ్చే అడవిదున్నల మంద అన్నమాట. 1970 నవంబరు 14న ఈ మంద నార్త్ కరోలినా వెళ్ళి ఈస్ట్ కరోలినా జట్టుతో ఆడి, 17–14తో ఓడిపోయింది. ఆ సీజన్‌లో వాళ్ళు విమానమెక్కింది ఆ ఒక్క ఆటకే. తిరిగొస్తుంటే వాన, మబ్బు. ఊరి విమానాశ్రయం ఇంకాస్త దూరంలో వుందనగా విమానం కొండమీది చెట్లకి తగిలి కూలిపోయింది. 75 మంది. ఒక్కరూ మిగల్లేదు. ఆటగాళ్ళే 37 మంది. హెడ్ కోచ్ రిక్ టోలీ, అతని సహాయకులు, ఊళ్ళోని పెద్దమనుషులు, వాళ్ళ భార్యలు... ఆ రాత్రి తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు 70 మంది. వాళ్ళలో 18 మందికి ఇద్దరూ పోయారు.

రెడ్ డాసన్ అనే సహాయ కోచ్ కొత్త కుర్రాళ్ళని వెతకడానికి కారులో వెళ్ళాడు కనక బతికాడు. కారులో రేడియో చెబితే విన్నాడు. నేట్ రఫిన్ అనే ఆటగాడు దెబ్బ తగిలి ఊళ్ళో వుండిపోయాడు.

ఇక్కడొక విచిత్రం చూడండి. కాలేజీలో చేరిన మొదటి ఏడాది కుర్రాళ్ళు పెద్ద జట్టులో ఆడకూడదని అప్పట్లో రూలు. ఆ రూలుని ఎంతమంది కుర్రాళ్ళు తిట్టుకునుంటారో! సరిగ్గా ఆ రూలు వల్లే వాళ్ళు విమానమెక్కలేదు. వాళ్ళలో ఒకడు రెజ్జీ ఆలివర్. అలబామాలో టస్కలూసా అనే ఊరు వాడిది. అదే ఊరినుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు ఆ విమానంలో పోయారు. ఈ ఆలివర్ పేరు గుర్తుంచుకోండి.

ఆడాలా, మానాలా?

జట్టుని ఎత్తేద్దామన్న ఆలోచన యూనివర్శిటీ పెద్దలకి కలిగింది. తప్పా? స్మశానంలో మట్టి తడి ఆరకముందే ఈలలూ కేకలూ వేయడం ఎవరికి చేతనవుతుంది? కానీ మిగిలిన కొద్దిమంది ఆటగాళ్ళూ, విద్యార్థులూ, ఊరివాళ్ళూ ఆడాల్సిందే అన్నారు. తాత్కాలిక అధ్యక్షుడు డోనాల్డ్ డెడ్మన్ చివరికి సరేనన్నాడు.

సరేనంటే సరిపోతుందా? కోచ్ ఏడీ? ఒకాయన ఒప్పుకుని వారం తిరక్కుండానే వెళ్ళిపోయాడు. అప్పుడొచ్చాడు జాక్ లెంగెల్, ఊస్టర్ అనే చిన్న కాలేజీనుంచి. మెకానహే వేసింది ఈయన పాత్రే. మొదటి సంవత్సరం కుర్రాళ్ళని కూడా ఆడించుకోవడానికి ప్రత్యేక అనుమతి దొరికింది. నిరుడు ఏ రూలు ప్రాణాలు కాపాడిందో, ఈ ఏడు దాన్నే పక్కన పెట్టారు! బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళని పిలిచారు. సాకర్ ఆడే కుర్రాణ్ణి బంతి తన్నడానికి పెట్టుకున్నారు. బరువూ అనుభవమూ లేని ఈ పిల్లలతో ఏ ఎత్తు వేయాలి? లెంగెల్ సరాసరి పొరుగునున్న వెస్ట్ వర్జీనియా యూనివర్శిటీ కోచ్ బాబీ బౌడన్ దగ్గరికి వెళ్ళాడు. మామూలుగా ఎవరూ తమ గుట్టు చెప్పరు. బౌడన్ తలుపులు తెరిచి, ఆటల ఫిలిములన్నీ చూడనిచ్చాడు. అలా నేర్చుకున్నదే ‘వీర్’ అనే పద్ధతి. బంతి పక్కవాడికివ్వాలా, తనే పరుగెత్తాలా, వెనక్కి విసరాలా అన్నది ఎదుటివాడి కదలికని బట్టి క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి. బలంకంటే చురుకుదనానికి పని ఎక్కువ.

మొదటి ఆట మోర్‌హెడ్ మీద. 29–6తో ఓడారు. రెండోది సొంత ఊళ్ళో, జేవియర్ జట్టుతో. ఆఖరి క్షణాల్లో 13–9తో వెనకబడివున్నారు. బంతి మన ఆలివర్ చేతిలో వుంది. ఒకవైపు పరుగెత్తుతున్నట్టు నటించి, రెండోవైపు టెర్రీ గార్డ్‌నర్‌కి చిన్న పాస్ ఇచ్చాడు. 13 గజాల ఆట. 15–13!

తెర దించాక...

సినిమా ఇక్కడ కళ్ళు చెమర్చేలా చేసి, తర్వాతి సంగతులు నాలుగు మాటల్లో చెప్పి ముగించేస్తుంది. కానీ వారం తిరిగేసరికి మళ్ళీ శనివారం వస్తుంది కదా! తర్వాత ఒహాయోలోని మయామీ జట్టు వీళ్ళమీద 66 పాయింట్లు కొట్టింది. అరవై ఆరు! వాయిద్యాల్లేవు, స్లోమోషన్ లేదు. పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు దెబ్బలు తిని, బస్సెక్కి, సోమవారం మళ్ళీ ప్రాక్టీసుకి రావాలి. వచ్చారు. ఓడారు. మళ్ళీ వచ్చారు. అక్టోబరు చివర్లో బౌలింగ్ గ్రీన్‌ని 12–10తో గెలిచారు. ఇంకే గెలుపూ లేదు. మొత్తం రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు.

డాసన్ ఆ సీజన్ పూర్తిచేసి జట్టునుంచి తప్పుకున్నాడు. లెంగెల్ నాలుగేళ్ళున్నాడు: 9 గెలుపులు, 33 ఓటములు. ఇప్పటి లెక్కలో ఫ్లాప్ కోచ్! అయితే గెలుపులు ఎక్కువున్న సీజన్ చూడ్డానికి ఆ ఊరు 1984 దాకా ఆగాల్సొచ్చింది. 1992లో, 1996లో తమ స్థాయిలో జాతీయ చాంపియన్లయ్యారు. 1999లో పదమూడుకి పదమూడూ గెలిచారు. లెంగెల్ కుర్రాళ్ళు ఓడిపోతూనే ఆడకపోతే ఇవన్నీ ఎవరాడేవారు?

సినిమా గురించి ఒక మాట. కొడుకుని పోగొట్టుకుని ఆట వద్దనే తండ్రి పాత్ర, ఇయన్ మెక్‌షేన్ వేసింది, కల్పితం. అయినా నాకు అందులో నచ్చింది ఆయనే. వద్దన్నవాడి బాధని కూడా దర్శకుడు గౌరవించాడు. పెట్టుబడి మాత్రం హాళ్ళలో తిరిగి రాలేదు. ప్రీమియర్‌ని హంటింగ్టన్‌లోనే, 1928లో కట్టిన కీత్-ఆల్బీ థియేటర్లో వేశారు. పాత ఆటగాళ్ళు, చనిపోయినవాళ్ళ కుటుంబాలవాళ్ళు వచ్చారు. నేట్ రఫిన్ రాలేదు. 1971 జట్టుకి కెప్టెన్‌గా నిలబడ్డ ఆ మనిషి, తన పాత్రని ఆంథొనీ మెకీ వేయడం చూడకుండానే 2001లో రక్తకేన్సరుతో పోయాడు. స్ప్రింగ్ హిల్ స్మశానంలో, గుర్తుపట్టలేక కలిపి ఖననం చేసిన ఆరుగురు ఆటగాళ్ళకి దగ్గర్లోనే అతన్నీ ఖననం చేశారు.

యూనివర్శిటీ ఆవరణలో వాళ్ళ జ్ఞాపకార్థం 1972లో ఓ ఫౌంటెన్ కట్టారు. ఏటా నవంబరు 14న అందరూ దానిచుట్టూ చేరి, 75 పేర్లూ చదివి, నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ వసంతం వచ్చేదాకా తిప్పరు.