కాచిన పాలు ఎట్లు చెడును?

పాలు కాచినచో ఇక భయములేదని మనలో పెక్కుమంది నమ్ముదురు. పొయ్యి దింపిన క్షణమున ఆ నమ్మకము చాలవఱకు నిజమే. కాని ఉదయము కాచిన ఆ పాలే సాయంకాలమునకు పసిబిడ్డకు అతిసారము తేవచ్చును. ఇట్లేల జరుగునో సభ్యులకు తెలుపగోరుచున్నాము.

ఆరోగ్యముగల గేదె పొదుగునందలి పాలలో క్రిములు మిక్కిలి స్వల్పము. పొదుగునకంటిన పేడ, పితుకువారి చేతులు, సరిగా తోమని చెంబు, మురికినీరు, వీనివలననే అవి హెచ్చుగా చేరును. పాలను పొంగువఱకు కాచినచో క్షయ, మాల్టా జ్వరము మొదలగు వ్యాధుల క్రిములు చచ్చును. మాల్టా ద్వీపమున ఆ జ్వరమునకు మేకపాలు కారణమని 1905 లో జమ్మిట్ అను వైద్యుడు కనుగొనెను. 1906 లో అచటి సైనికులకు ఆ పాలు మానిపింపగా వారిలో జ్వరము తగ్గిపోయెను.

అయినను కాచుటతో పని ముగియదు. కొన్ని క్రిములు విత్తనమువలె గట్టిరూపము దాల్చి మరుగువేడిని తట్టుకొని, పాలు గోరువెచ్చనైనంతనే తిరిగి మొలకెత్తును. ముంచిన గరిటె, పోసిన గిన్నె, వ్రాలిన ఈగ క్రొత్త క్రిములను తెచ్చును. గోరువెచ్చని పాలలో కొన్ని జాతులు 20 నిమిషములకొకసారి రెట్టింపగును. ఈ లెక్కను ఒక్క క్రిమి 7 గంటలలో 20 లక్షలు దాటును.

మన పెద్దలు పాలకుండను దాలిగుంటలో పిడకల సెగపై పగలంతయు ఉంచెడివారు. పాలు 60 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిమిలో నున్నంతసేపు రోగక్రిములు పెరుగజాలవు. నేడు అనేక గృహములలో దాలి పోయినది. దానికి బదులు కావలసిన చల్లదనము పేదయింటికింకను రాలేదు.

వంటచెఱకునకు, గ్యాసునకు ఎంత వ్యయమగునో మేమెఱుగుదుము. కావున సులభమగు మార్గములే చెప్పుచున్నాము. పాత్రను, గరిటెను మరుగునీట కడిగి, పాలపై మూత వేయవలెను. బిడ్డకు కావలసినంత మాత్రమే వేఱుచేసి, త్రాగించుటకుముందు మరల పొంగించి, ఆఱినపిదప పట్టవలెను. మిగులునని తోచిన మంచి పాలను వెంటనే తోడువేయుట మేలు. పెరుగు పులుపు అనేక క్రిముల పెరుగుదలను అడ్డగించును. వాసన మాఱిన పాలను మరల కాచి బిడ్డకీయరాదు. కొన్ని క్రిములు విడిచిన విషము మరుగుటచే పోదు.

ఆఱు మాసములలోపు శిశువునకు తల్లిపాలే చాలును. పిమ్మట పాలసీసా మాని ఉగ్గుగిన్నె వాడుడు. రబ్బరు పీక సందులు కడుగుట కష్టము. గిన్నె అడుగు కంటికి కనబడును.

సంఘమునకు పోయు పాలను పరీక్షించుటకు మనుష్యులు కలరు. ఇంట మిగిల్చిన గిద్దెడు పాలను పరీక్షించువారు తల్లిదండ్రులే. ఆ గిద్దెడు పాలయందును అంతటి శ్రద్ధ వహింపుడని మా మనవి.